బ్యాంకు వేలంలో ఫ్లాట్: నోటీసులో "సింబాలిక్ పొజిషన్" అని ఉంది, పాట పాడొచ్చా?

నిజాంపేట_రవి
ఆరేళ్లుగా అద్దె ఇంట్లో ఉంటున్నాం. మా వీధి చివర అపార్ట్‌మెంట్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ ఒకటి బ్యాంకు వేలానికి వచ్చింది. 1,180 ఎస్‌ఎఫ్‌టీ, మూడో అంతస్తు, తూర్పు గుమ్మం. రిజర్వ్ ధర (పాట మొదలయ్యే కనీస ధర) 46.5 లక్షలు, ఈఎండీ (పాటకు ముందు కట్టే డిపాజిట్) 4.65 లక్షలు. పోయిన దసరాకి అదే అపార్ట్‌మెంట్‌లో ఇంతే సైజు ఫ్లాట్ 63 లక్షలకు పోయిందని వాచ్‌మన్ చెప్పాడు. నోటీసులో "ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" అని రాశారు. పొజిషన్ అనే చోట "సింబాలిక్" అని ఉంది. వేలానికి ఇంకా 19 రోజులుంది. మా ఆవిడ వద్దంటోంది. మా బావమరిది మాత్రం 16 లక్షలు చేజేతులా వదులుకుంటావా అంటున్నాడు. వీడియోలు చూసి చూసి తల తిరుగుతోంది. నిజంగా కొన్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

సీతాఫలం
సింబాలిక్ అంటే చాలావరకు లోపల మనుషులు ఉన్నారని అర్థం. బ్యాంకు తలుపుకి నోటీసు అంటించి వచ్చింది, అంతే.

కూకట్‌పల్లి_కుర్రాడు
ధైర్యంగా పాడెయ్ అన్నా. నేను 2021లో ప్రగతినగర్‌లో ఇలాగే తీసుకున్నా. వేలం అయిన 40 రోజులకు పాలు పొంగించాం. అప్పట్లో మార్కెట్ కన్నా 11 లక్షలు తక్కువకు వచ్చింది. అందరూ భయపడతారు కాబట్టే ధర తక్కువ.

పద్మజ_బాచుపల్లి
కూకట్‌పల్లి తమ్ముడూ, మీ ఫ్లాట్ తాళం చెవి వేలం నాటికే బ్యాంకు చేతిలో ఉందా? ముందు అది చెప్పు.

కూకట్‌పల్లి_కుర్రాడు
ఉంది అక్కా. బ్యాంకు సీలు వేసిన ఫ్లాట్. వేలానికి ముందు ఆఫీసరే వచ్చి తీసి చూపించాడు.

పద్మజ_బాచుపల్లి
అదీ సంగతి. రవి గారూ, ఆయనది వేరు, మీరు అడిగేది వేరు. నా కథ చెప్తాను, ఓపికగా చదవండి.

మాదీ సింబాలిక్ పొజిషనే. బాచుపల్లిలో మూడు బెడ్‌రూముల ఫ్లాట్. పోటీగా ఇంకొకరే ఉన్నారు, రిజర్వ్ ధర మీద రెండు లక్షలు ఎక్కువ పాడితే మాకే వచ్చింది. ఆ రాత్రి స్వీట్లు పంచాం. మొత్తం డబ్బు గడువులోపే కట్టాం, సేల్ సర్టిఫికెట్ చేతికొచ్చింది, రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నాం. కాగితం మీద ఇల్లు మాది. లోపల మాత్రం పాత ఓనరు, ఆయన భార్య, ఇంటర్ చదివే పిల్ల ఉన్నారు. వాళ్లు డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్) కేసు వేశారు. మొదట స్టే వచ్చింది, తర్వాత ఎత్తేశారు, మళ్లీ వాయిదాలు. బ్యాంకు వాళ్లను అడిగితే "ఖాళీ చేయించడానికి సెక్షన్ 14 కింద పిటిషన్ వేశాం మేడమ్, ఆర్డరు రాగానే చేస్తాం" అనేవాళ్లు. తాళం చెవి నా చేతికి వచ్చేసరికి 22 నెలలు పట్టింది. ఆ 22 నెలలూ ఒక పక్క ఈఎంఐ, ఇంకో పక్క మేం ఉంటున్న ఇంటి అద్దె.

తలుపు తీశాక ఏముందనుకున్నారు? స్విచ్ బోర్డులు లేవు, కుళాయిలు లేవు, వంటింటి గట్టు మీద గ్రానైట్ పలక కూడా పీకేశారు. అసోసియేషన్ వాళ్లు మెయింటెనెన్స్ బాకీ 1.9 లక్షలు కడితేనే లిఫ్టు కార్డు ఇస్తామన్నారు. అన్నీ కలిపి చూస్తే నాకు మిగిలింది దాదాపు ఏమీ లేదు. ఇప్పుడు అదే ఇంట్లో ఉన్నాం, బాగానే ఉన్నాం. కానీ ఆ రెండేళ్లు మా ఆయన బీపీ మాత్రలు మొదలుపెట్టాల్సి వచ్చింది.

సీతాఫలం
గ్రానైట్ పలక కూడానా!

మిద్దెతోట
మా పక్కింటి వేలం ఫ్లాట్‌లో తలుపులే పట్టుకుపోయారు. పద్మజ గారికి తలుపులైనా మిగిలాయి.

నిజాంపేట_రవి
పద్మజ గారూ, ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్. నాకు అర్థం కానిది ఒకటే. బ్యాంకు పొజిషన్ తీసుకోకుండానే ఎలా అమ్ముతుంది? నా డబ్బు తీసుకుని ఇల్లు ఇవ్వకపోతే అది మోసం కాదా?

రిటైర్డ్_బ్యాంకరు
31 ఏళ్లు బ్యాంకులో చేశాను. అందులో నాలుగేళ్లు రికవరీ విభాగంలోనే. వరసగా చెప్తాను.

వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు అమ్ముకోనిచ్చే చట్టం) కింద 13(2) నోటీసు ఇస్తారు. అప్పు తీర్చడానికి 60 రోజుల గడువు. తీర్చకపోతే 13(4) కింద స్వాధీనం చేసుకోవచ్చు. లోపల మనుషులు ఉండి ఖాళీ చేయమంటే గొడవ అయ్యేలా ఉంటే, తలుపుకి నోటీసు అంటించి, రెండు పేపర్లలో వేయిస్తారు. వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. దాన్నే సింబాలిక్ పొజిషన్ అంటారు. చట్టం ప్రకారం దాని మీద వేలం వేయొచ్చు, కాబట్టి మోసం కాదు. అసలు మనుషుల్ని ఖాళీ చేయించాలంటే సెక్షన్ 14 కింద కలెక్టర్‌నో చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్‌నో ఆశ్రయించాలి. 30 రోజుల్లో, కారణాలు రాసి మొత్తం 60 రోజుల్లో ఆర్డరు ఇవ్వాలని చట్టంలో ఉంది. వాస్తవంలో ఎంత పడుతుందో పద్మజ గారు చెప్పారు కదా. ఆర్డరు వచ్చాక కూడా దాన్ని అమలు చేసే అడ్వొకేట్ కమిషనర్, పోలీసు బందోబస్తు, పండగ, ఎన్నికలు, పిల్లల పరీక్షలు, ఇలా ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంటుంది.

ఇక డబ్బు. పాట మీకు ఖాయమైతే ఈఎండీతో కలిపి 25 శాతం అదే రోజు, లేదా మరుసటి పని దినం లోపు కట్టాలి. మిగతా 75 శాతం అమ్మకం ఖరారైన 15 రోజుల్లో. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ గడువును మూడు నెలల దాకా పెంచుకోవచ్చు, అంతకు మించి కుదరదు. కట్టలేకపోతే కట్టిన 25 శాతం పోతుంది.

కూకట్‌పల్లి_కుర్రాడు
సార్, మొత్తం 25 శాతమా? ఈఎండీ ఒక్కటే పోతుందనుకున్నా.

హైకోర్టు_వకీలు
మొత్తం పోతుంది. మిగతా డబ్బు సమకూర్చుకోలేకపోయిన ఒక పాటదారు కేసులో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 25 శాతం జప్తు చేయడం నిబంధనల ప్రకారం సరైనదేనని తీర్పు. లోన్ రాలేదు, ఇంట్లో ఇబ్బంది వచ్చింది అంటే వినరు.

లెక్కల_మాస్టారు
రవి గారూ, మీ 16 లక్షల లాభం ఎంత నిలుస్తుందో వేసి చూద్దాం. మీరు 50 లక్షలకు పాడారనుకోండి. 25 శాతం అంటే 12.5 లక్షలు. ఈఎండీ 4.65 పోగా మర్నాటికి 7.85 లక్షలు చేతిలో ఉండాలి. రెండు వారాల్లో ఇంకో 37.5 లక్షలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 7.5 శాతం, అంటే 3.75 లక్షలు. మామూలు కొనుగోలులోనూ ఇది ఉంటుంది కాబట్టి తేడాలో కలపను.

పద్మజ గారి లెక్కే మీకూ వర్తిస్తే, 37.5 లక్షల లోన్ మీద నెలకు వడ్డీయే 27 వేల దాకా అవుతుంది. 22 నెలలకు దాదాపు 6 లక్షలు. రిపేర్లు 3 లక్షలు, బాకీలు 2 లక్షలు, లాయరు ఫీజు వేరే. 63 లోంచి 50 తీసేస్తే ఉన్నదే 13. అందులో 11 పోయింది. ఇంకో సంగతి, ఆ 63 వాచ్‌మన్ చెప్పిన మాట. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కాగితం కాదు.

నిజాంపేట_రవి
ఈ లెక్క మా బావమరిదికి ఫార్వర్డ్ చేశాను. ఇంకా జవాబు రాలేదు.

సీతాఫలం
"బావ బతుకు కోరతాడు" అంటారు కదా, తప్పకుండా వస్తుంది జవాబు.

కూకట్‌పల్లి_కుర్రాడు
మాస్టారూ, అన్నీ చెడ్డవే కలిపి లెక్కేశారు. నా ఫ్రెండ్ ఒకడు మియాపూర్‌లో సింబాలిక్‌లోనే కొన్నాడు. లోపలున్న వాళ్లతో నేరుగా కూర్చుని మాట్లాడి, ఇల్లు మారే ఖర్చు కింద లక్షన్నర ఇచ్చాడు. మూడు వారాల్లో ఖాళీ చేశారు. గోడకి ఒక్క మేకు కూడా పీకలేదు. మాట తీరు బాగుంటే అన్నీ అవుతాయి.

పద్మజ_బాచుపల్లి
మేమూ మాట్లాడాం తమ్ముడూ. కేసు గెలుస్తామని వాళ్ల లాయరు చెప్పాక ఇంక మా మాట ఎవరు వింటారు? నీ ఫ్రెండ్‌కి కలిసొచ్చింది, సంతోషం. కలిసొస్తుందని అప్పు చేయమని మాత్రం నేను ఎవరికీ చెప్పలేను.

హైకోర్టు_వకీలు
పద్మజ గారు చెప్పిన కేసుల గురించి కొంచెం. అప్పు తీసుకున్నవాళ్లు బ్యాంకు చర్య మీద 45 రోజుల్లో సెక్షన్ 17 కింద డీఆర్‌టీకి వెళ్లొచ్చు. సివిల్ కోర్టుకి ఈ విషయంలో అధికారం లేదు. డీఆర్‌టీ హైదరాబాద్‌లోనే ఉంది. దాని మీద అప్పీలు వెళ్లేది కోల్‌కతాలోని అప్పీలు ట్రిబ్యునల్‌కి. అక్కడి నుంచి హైకోర్టు. ఇలా మెట్టు మెట్టుకీ నెలలు పడతాయి.

ఇంతకుముందు ఇంకో భయం ఉండేది. పాట అయిపోయాక కూడా ఓనరు వచ్చి బాకీ మొత్తం కట్టేస్తానంటే అమ్మకం ఆగిపోయేది. 2016లో చట్టం మార్చారు. వేలం నోటీసు ప్రచురించే లోపే కట్టాలి, ఆ తర్వాత విడిపించుకునే హక్కు లేదని 2023లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ మేరకు పాటదారుకి ధీమా పెరిగింది. అలాగని నోటీసులోనో, ఆస్తి విలువ కట్టడంలోనో తప్పు ఉంటే వేలం కొట్టేయరని కాదు. రవి గారూ, ఓనరు పేరుతో డీఆర్‌టీ వెబ్‌సైట్‌లో వెతకండి. కేసు ఉంటే నంబరు, వాయిదా తేదీ అన్నీ కనిపిస్తాయి. బ్యాంకు ఆఫీసరుని కూడా మెయిల్ రాసి అడగండి. నోటి మాట వద్దు.

డల్లాస్_కిరణ్
ప్రభుత్వ రంగ బ్యాంకుల ఆస్తులన్నీ ఇప్పుడు బ్యాంక్‌నెట్ అనే పోర్టల్‌లో ఒకేచోట ఉంటున్నాయి కదా. 2025 జనవరిలో కొత్తగా తెచ్చారు. ఇక్కడి నుంచి రోజూ చూస్తుంటాను. మా నాన్నగారి పేరున పాడించాలని ఉంది. సింబాలిక్, ఫిజికల్ (ఇల్లు నిజంగా బ్యాంకు చేతిలో ఉన్నది) అనేది అక్కడ రాసే ఉంటుందని ఈ చర్చ చదివాకే గమనించాను. ఇన్నాళ్లూ ఫొటోలు, ధరలే చూశాను.

రిటైర్డ్_బ్యాంకరు
కిరణ్ గారూ, ఆ ఫొటోల్లో చాలావరకు బయటి గోడే కనిపిస్తుంది. లోపలి ఫొటో లేదంటే కారణం ఏమిటో ఆలోచించండి. కేవైసీ ముందే పూర్తి చేసుకోండి, ఆఖరి రోజున చేద్దామంటే కుదరదు. "వేలం మేం ఇప్పిస్తాం, కమిషన్ ఇవ్వండి" అని ఫోన్లు వస్తాయి. ఒక్కరికీ రూపాయి ఇవ్వొద్దు. పాట అంతా ఆన్‌లైన్, ఎవరూ ఇప్పించేది ఏమీ లేదు.

మిద్దెతోట
ఆఖరి నిమిషాల్లో ఎవరైనా పాడితే టైమ్ మళ్లీ పెరుగుతుంది. మా తమ్ముడు ఆ టెన్షన్‌లో అనుకున్న దానికన్నా 4 లక్షలు ఎక్కువ పాడాడు. ఎంతవరకు వెళ్లాలో కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి.

లెక్కల_మాస్టారు
ఇంకోటి మర్చిపోయాను. పాట 50 లక్షలు గానీ ఆపైన గానీ అయితే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల పేరున ముందే కోసి కట్టే పన్ను) కోయాలి. ఎవరి పాన్ మీద కట్టాలో బ్యాంకునే రాతపూర్వకంగా అడగండి.

గోదారి_గట్టు
ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పద్మజ గారు చెప్పిన ఆ లోపలి మనుషుల్లాంటి వాళ్లం మేము.

నాన్న వ్యాపారానికి ఇంటి కాగితాలు పెట్టి అప్పు తెచ్చారు. కోవిడ్‌లో షాపు మూతపడింది. 2022లో తలుపుకి నోటీసు అంటించారు. అమ్మ దాన్ని ఎవరూ చూడకుండా క్యాలెండర్ తగిలించింది. ఇల్లు చూడటానికి ఎవరెవరో వచ్చేవాళ్లు. కొందరు బెల్లు కొట్టి, "మీరెప్పుడు ఖాళీ చేస్తారు?" అని అమ్మనే అడిగేవాళ్లు. మా లాయరు కేసు వేద్దాం, రెండేళ్లు లాగొచ్చు అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. మేమే ఖాళీ చేసి తాళాలు బ్యాంకులో ఇచ్చాం. కుళాయిలు, స్విచ్ బోర్డులు అన్నీ అలాగే వదిలేశాం. కొన్నవాళ్లు ఎవరో ఇప్పటికీ తెలియదు.

రవి గారూ, మీరు కొనండి, మానండి, నేనేమీ అనను. ఒకవేళ చూడటానికి వెళ్తే సాయంత్రం పిల్లలు ఇంట్లో ఉండే వేళ మాత్రం వెళ్లకండి. ముందు అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి వెళ్లండి.

పద్మజ_బాచుపల్లి
అమ్మా, చదివి కళ్లు చెమర్చాయి. మా కేసులో ఆ పిల్ల ఎంసెట్ రాసే వారంలోనే కమిషనర్ వస్తానన్నాడు. నేనే ఫోన్ చేసి రెండు వారాలు ఆపమన్నాను. కోపం ఉన్నా సరే, ఆ పిల్ల చదువు చెడిపోకూడదు అనిపించింది.

నిజాంపేట_రవి
మా ఆవిడ భయం కూడా అదే. "ఏడ్చి వెళ్లినవాళ్ల ఇల్లు మనకు అచ్చిరాదు" అంటోంది.

రిటైర్డ్_బ్యాంకరు
ఉసురు గురించి నా మాట కూడా చెప్తాను. బ్యాంకు బాకీ, ఖర్చులు పోగా మిగిలిన ప్రతి రూపాయి పాత ఓనరుకే తిరిగి వెళ్లాలి, అది చట్టం. పాటలో ఎక్కువ ధర వస్తే ఆ కుటుంబానికి ఎక్కువ మిగులుతుంది. పాట తక్కువకు పోతే మిగిలిన అప్పు వాళ్ల నెత్తిన అలాగే ఉంటుంది. న్యాయమైన ధరకు కొన్నవాడు వాళ్లకు అన్యాయం చేసినట్టు కాదు. నా సర్వీసులో నన్ను బాధపెట్టినవన్నీ ఎవరూ పాటకు రాక, రిజర్వ్ ధర తగ్గించుకుంటూ పోయిన వేలాలే.

గోదారి_గట్టు
నిజమే సార్. మాకు 3 లక్షల చిల్లర తిరిగి వచ్చింది. అమ్మ వైద్యానికి అదే పనికొచ్చింది.

నిజాంపేట_రవి
అప్‌డేట్. నిన్న పొద్దున పది గంటలకు వెళ్లి అసోసియేషన్ సెక్రటరీని కలిశాను. ఫ్లాట్‌లో ఓనరు తల్లిదండ్రులు మాత్రమే ఉంటున్నారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. బెల్లు కొట్టలేదు. మెయింటెనెన్స్ బాకీ 1.36 లక్షలు అని రాసిచ్చారు. కరెంటు బిల్లు కూడా కొన్ని నెలలది ఉంది. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీశాను, ఈ బ్యాంకు తాకట్టు ఒక్కటే కనిపించింది. డీఆర్‌టీ సైట్‌లో ఓనరు పేరుతో కేసు ఉంది, వాయిదా వేలం అయిన తర్వాతి వారం. బ్యాంకుకి మెయిల్ పెడితే "కేసు పెండింగ్‌లో ఉంది, స్టే లేదు" అని ఒక్క లైను జవాబు.

హైకోర్టు_వకీలు
మంచి పని చేశారు. కరెంటు బాకీని తేలిగ్గా తీసుకోకండి. డిస్కం (కరెంటు సంస్థ) నిబంధనల్లో ఉంటే పాత బాకీని కొత్త ఓనరు దగ్గర వసూలు చేయవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. "ఎలా ఉన్నది అలాగే" అన్న మాటలో ఇవన్నీ కలుస్తాయి. ఈసీతో పాటు సెర్సాయ్ (బ్యాంకు తాకట్ల కేంద్ర రిజిస్ట్రీ) కూడా చూడండి. రిజిస్టర్ కాని తాకట్టు ఈసీలో కనిపించకపోవచ్చు, ఒకే ఫ్లాట్ రెండు బ్యాంకుల్లో పెట్టినవాళ్లను చూశాను. 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులది), మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అనుమతి పత్రం) కూడా చూడాలి. ప్లాన్‌లో లేని అంతస్తు మీద కూడా బ్యాంకులు లోన్లు ఇచ్చిన సందర్భాలున్నాయి.

కూకట్‌పల్లి_కుర్రాడు
అన్నా, నేను మొదట్లో పాడెయ్ అన్నాను. కేసు ఉంది, ముసలివాళ్లు ఉన్నారు, పైగా నువ్వు లోన్ మీద కొంటున్నావు. ఇది మాత్రం వద్దు. రెండేళ్లు డబ్బు ఇరుక్కున్నా ఇబ్బంది లేనివాళ్లు చూసుకుంటారు.

నిజాంపేట_రవి
పాడలేదు. ఈఎండీ కట్టే గడువు నిన్నటితో అయిపోయింది. బావమరిది అలిగాడు, మాస్టారి లెక్క రెండోసారి చదివాక మెత్తబడ్డాడు.

సీతాఫలం
వేలం ఏమైంది చివరికి?

నిజాంపేట_రవి
ఒక్కరూ రాలేదట. మళ్లీ నోటీసు ఇస్తారేమో. ఈలోగా అదే బ్యాంకు ఆఫీసరు ఇంకో ఫ్లాట్ చెప్పాడు. మియాపూర్‌లో, ఫిజికల్ పొజిషన్, తాళం బ్యాంకు దగ్గరే ఉంది. 1,050 ఎస్‌ఎఫ్‌టీ, రిజర్వ్ ధర 49 లక్షలు. మార్కెట్ కన్నా తేడా ఆరేడు లక్షలే ఉండొచ్చు. ఈసారి ఈఎండీ కట్టకముందే ఆ బ్యాంకులోనే లోన్‌కి కాగితాలు ఇచ్చాను, సూత్రప్రాయంగా సరేనన్నారు. శనివారం పదకొండు గంటలకు తెరిచి చూపిస్తామన్నారు. మా ఆవిడ కూడా వస్తోంది.

పద్మజ_బాచుపల్లి
మంచి టార్చిలైటు తీసుకెళ్లండి, కరెంటు తీసేసి ఉంటుంది. ప్రతి కుళాయీ తిప్పి చూడండి. బాత్రూమ్ గోడకు అవతలి వైపు చెమ్మ ఉందేమో చేత్తో తడిమి చూడండి. కింద ఫ్లాట్ వాళ్లను కూడా అడగండి, వాళ్ల స్లాబు కారుతోందేమో చెప్తారు.

మిద్దెతోట
బాల్కనీలో ఎండ ఎప్పుడు పడుతుందో కూడా చూడండి రవి గారూ. మొక్కలు నేనిస్తాను.

నిజాంపేట_రవి
టార్చి సంచిలో పెట్టేశాను. శనివారం రాత్రి వచ్చి రాస్తాను.